ఆ గురగుర ఎవరిది

మీ తాత గొంతుకీ, ఆ చేపల టాంకు గొంతుకీ తేడా తెలియకుండా నేను రెండు నెలలు గడిపాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టి రాయి. పేర్లు వద్దు. కలకత్తా పక్క లిలువా అని ఒక్కటి రాస్తే చాలు, రైల్వేలో పనిచేసిన మన తెలుగువాళ్ళెవరికైనా ఇల్లెలా ఉంటుందో, వీధెలా ఉంటుందో అర్థమైపోతుంది.

నీకు ఆ టాంకు చిన్నప్పటినుంచీ తెలుసు. చదివేవాళ్ళకి తెలియదు కదా, అందుకని కాస్త చెబుతాను, విసుక్కోకు. మీ తాత వర్క్‌షాపులో పైపు ఫిట్టరు. రైలు పెట్టెల కింద నీళ్ళ గొట్టాలూ గాలి గొట్టాలూ బిగించడం ఆయన పని. రిటైరై ఇంటికొచ్చాక ఆ చేతులు ఊరుకోలేదు. కుళాయి బాగున్నా విప్పి మళ్ళీ బిగించేవాడు. నేను అరిస్తే రెండ్రోజులు ఊరుకుని మళ్ళీ పానా పట్టుకునేవాడు. చివరికి ఒక ఆదివారం పెంచుకునే చేపలమ్మే బజారుకి వెళ్ళి, ఆ తర్వాత నాలుగడుగుల గాజు టాంకు కట్టించి తెచ్చి, ముందు గదిలో బీరువా పక్కన నిలబెట్టాడు.

పక్కింటి బెంగాలీ ఆవిడ చూడ్డానికొచ్చి, "మాశిమా, ఇవి పులుసులోకి ఎప్పుడొస్తాయి?" అని నన్నడిగింది. మాశిమా అంటే పిన్నీ అని. మీ తాతకి ఎంత కోపం వచ్చిందంటే ఆవిడకి టీ కూడా ఇవ్వనివ్వలేదు. "సేపని సూస్తే తినడం తప్ప ఇంకేటీ తెల్దు ఈళ్ళకి" అని లోపల గదిలోకొచ్చి గొణిగాడు. ఆ మాట అన్న మనిషి ఆ పూట అన్నంలోకి పార్శే చేపల పులుసు పోయించుకు తిన్నాడు, అది వేరే సంగతి.

టాంకు ఎలా ఉంటుందంటే, లోపల ఒక మూలన గాజుతో చిన్న గూడు. పైకి తొణికిన నీళ్ళు ఆ గూట్లో పడతాయి. గూట్లోంచి మూడు గొట్టాలు కిందకి, చెక్క పెట్టెలోకి దిగుతాయి. అక్కడ ఇంకో తొట్టి. నీళ్ళు అక్కడ వడకట్టుకుంటే మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. మూడు గొట్టాల్లో మొదటిదే అసలు పని చేసేది. దానికి కింద ఒక ఎర్ర చక్రం, తిప్పితే నీళ్ళ జోరు తగ్గుతుంది, పెరుగుతుంది. రెండోది సాయానికి. మూడోదాన్ని నేను ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉండేది.

"ఇదెందుకు మావా, ఒట్టినే నిలబడతాది?" అని అడిగానోసారి.

"మొదటి రెండూ మూసుకుపోనాయనుకో, అప్పుడు ఇదే ఇల్లు ములగకుండా కాస్తాది. అంతవరకూ ఎండగానే ఉండాల. దీన్లో ఏటీ పెట్టకు" అన్నాడు.

మీ తాతకి టాంకు చూపించుకోవడంలో గొప్ప చేపలు కాదు. చప్పుడు లేకపోవడం. మామూలుగా ఇలాంటి టాంకుల్లో నీళ్ళతో పాటు గాలి కూడా గొట్టంలో దూరుతుంది. అప్పుడది గురగురమంటుంది. గాలి దూరకుండా, గొట్టం నిండా నీళ్ళే దిగేటట్టు చూస్తే చడీ చప్పుడూ ఉండదు. నోటినిండా నీళ్ళు పోసుకున్న మనిషి మాట్లాడలేడు కదా, అలాగ. చూడ్డానికొచ్చినవాళ్ళు "మోటారు ఆపేశారా?" అని అడిగితే మీ తాతకి కడుపు నిండిపోయేది.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున్న ఆయన మొహం కడుక్కుంటూ మగ్గు జారవిడిచాడు. నేను వంటింట్లోంచి "ఏటి మావా, పొద్దున్నే ఆ సప్పుడు?" అన్నాను. జవాబు రాలేదు. తర్వాత అంతా నీకు తెలుసు, ఆసుపత్రి, మూడు వారాలు. కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. మాట పోయింది. ఇంటికి తెచ్చేటప్పటికి ఆయన దగ్గర మిగిలినవి రెండు మాటలు. "ఊఁ", "ఒద్దు". పడకగదిలో మంచం చుట్టూ మనిషి తిరగడానికి చోటు లేదని ముందు గదిలోనే మంచం వేశాం. కళ్ళు తెరిస్తే ఎదురుగా టాంకు, దాని పక్కన బీరువా.

మన వీధి చివర డాక్టరుబాబు వచ్చి చూసి నాకొక్కటే గట్టిగా చెప్పాడు. గొంతు కండరాలకి బలం లేదు, గళ్ళ అడ్డుపడితే దగ్గి బయటికి తోసుకోలేడు. గొంతులో గురగుర వినబడగానే ఎడమవైపుకి తిప్పాలి, వీపు తట్టాలి, గుడ్డ చుట్టిన వేలితో నోరు శుభ్రం చెయ్యాలి. ఆలస్యం చేస్తే ఊపిరాడదు. "మాశిమా, మీ చెవులు ఈ మంచం దగ్గరే వదిలేసి వంటింట్లోకెళ్ళండి" అన్నాడు నవ్వుతూనే. మీ అమ్మా నాన్నా ఆఫీసులకి, నువ్వు కాలేజీకి. పదింటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో వినడానికి ఉన్నవి నా రెండు చెవులే.

అలాంటప్పుడు టాంకు గురగురమనడం మొదలుపెట్టింది.

మీ నాన్న మంచికే చేశాడు. మీ తాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ టాంకుని పట్టించుకున్నవాళ్ళు లేరు. నీళ్ళు పచ్చగా అయిపోయాయి. తండ్రి ఇంటికొచ్చి మొదట చూసేది దాన్నే కదా అని, ఒక రోజంతా కూర్చుని గొట్టాలు ఊడదీసి, బ్రష్షుతో తోమి, మళ్ళీ బిగించాడు. ఎర్ర చక్రాన్ని మాత్రం పూర్తిగా తెరిచి వదిలేశాడు. నీళ్ళు బాగా పోతే మంచిదే కదా అనుకున్నాడు. మొదటి గొట్టం నీళ్ళతో పాటు గాలిని కూడా జుర్రుకోవడం మొదలుపెట్టింది. గుర్... గురగుర... గుర్. ఆగుతుంది, మళ్ళీ మొదలు.

"ఏట్రా ఇది, మీ నాన్న గొంతులాగే ఉంది" అన్నాను.

"నాకు తెలిసినంత సేసినానమ్మా. నాన్న సేసినట్టు నాకొస్తాదా?" అన్నాడు. వాడి మొహం చూసి పొయ్యి దగ్గరకెళ్ళిపోయాను.

మొదటి రోజు పదకొండుసార్లు పరిగెత్తాను. ప్రతిసారీ టాంకే. మీ తాత కళ్ళు తెరిచి నన్ను చూసేవాడు, నేను ఆయన్ని చూసి మళ్ళీ పొయ్యి దగ్గరకి. రెండు రోజులు అన్నం మాడింది. ఆ తర్వాత పరిగెత్తడం మాని నడవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత నడవడం కూడా మాని, గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోంచి తొంగిచూసేదాన్ని. చివరికి, ఇది చెప్పడానికి నోరు రావడం లేదు గానీ రాయి, తల తిప్పడం కూడా మానేశాను. టాంకులే అనుకునేదాన్ని.

ఆ చప్పుడు కాస్తైనా తగ్గుతుందని నాకు తోచిన వైద్యం నేను చేశాను. గూట్లో రెండు గొట్టాల నోళ్ళు ఖాళీగా తెరుచుకుని ఉన్నాయి కదా, చప్పుడు ఆ నోళ్ళలోంచే బయటికొస్తోందనుకున్నాను. పాత చీర అంచు చింపి రెండింటిలోనూ బిరడా కొట్టినట్టు కూరాను. మీ తాత మంచం మీంచి "ఒద్దు, ఒద్దు" అన్నాడు. నేను గిన్నె పట్టుకుని దగ్గరకెళ్తే ఇంకా గట్టిగా "ఒద్దు" అన్నాడు. గంజి వద్దంటున్నాడనుకుని, "రెండు సెంచాలే మావా, తాగు. పల్సగా సేసినాను, గొంతులో జారిపోతాది" అని బతిమాలి పట్టాను. ఆ గంజి నీళ్ళలా చేసేదాన్ని. మింగడానికి కష్టం లేకుండా.

ఆ మధ్యాహ్నం నీకు బాగా గుర్తుంటుంది. నేను ఆయనకి గంజి పట్టి, తల దిండు మీద సర్ది, వంకాయ ముక్కలు వేయించడానికి లోపలికెళ్ళాను. గురగుర వినిపించింది. మామూలు కంటే గట్టిగానే వినిపించింది. "అరుసుకో, నీ నోరు పడిపోనూ" అని టాంకుని తిట్టాను కూడా. నువ్వు క్లాసులు లేవని కాలేజీ నుంచి తొందరగా వచ్చావు. చెప్పులు విప్పుతూనే అరిచావు, "నానమ్మా! తాత!" అని. ఆయన పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నువ్వే పక్కకి తిప్పావు. నేను నోట్లో వేలు పెట్టి తీశాను, వీపు మీద కొట్టాను, ఎంతసేపటికో ఒక్క దగ్గు వచ్చింది. ఆ దగ్గు విన్నాక నేను నేల మీద కూర్చుండిపోయాను. వంకాయలు బొగ్గయిపోయాయి.

సాయంత్రం మీ నాన్న వచ్చాక, "టాంకు సప్పుడులో తెల్లేదురా" అని చెప్పాను. అది నిజమే. అయినా అందులో నా చేతిలో గిన్నె సంగతి లేదు. నాకప్పుడు తోచనూ లేదు.

"అయితే టాంకు ఉంచకూడదు" అన్నాడు మీ నాన్న. "గార్డెన్ రీచ్‌లో నా దోస్తున్నాడు కదా, ఆడికి సేపలంటే పిచ్చి. ఆదివారం వేన్ తెచ్చి పట్టుకుపోతాడు."

"మావయ్య వింటన్నాడు, మెల్లగా" అంది మీ అమ్మ.

విన్నాడు. విని, నోరు ఒక పక్కకి లాక్కుంటూ, రెండు నెలల్లో మొదటిసారి ఇంకో మాట అన్నాడు. "సాబీ."

మేం ముగ్గురం మంచం చుట్టూ చేరాం. "ఏటి నాన్నా? చాబీయా?" "ఊఁ!" ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. అటు టాంకూ ఉంది, బీరువా కూడా ఉంది. చాబీ అన్నాక ఎవరు మాత్రం టాంకుని చూస్తారు? మీ అమ్మ పరిగెత్తి బీరువా చాబీ తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, "ఒద్దు" అని మంచం మీద పడేశాడు.

ఇంక మొదలైంది. పాత ట్రంకు పెట్టె చాబీ, ఒద్దు. గ్రిల్లు చాబీ, ఒద్దు. ఎప్పుడో అమ్మేసిన సైకిలు తాళం చాబీ ఒకటి దొరికితే అదీ చూపించాం. "నాన్నా, ఏటి దాసినావు సెప్పు, మేం ఏటీ అనుకోం" అని మీ నాన్న నవ్వుతూ అడిగాడు గానీ, వాడి కళ్ళలో మాత్రం నవ్వు లేదు. బీరువా అంతా తీసి మంచం మీద పోశాం. శాలువలు, కలరా ఉండలు, పెన్షన్ కాగితాలు, నీ చిన్నప్పటి ఊలు టోపీ. ఆయన ఒక్కదాన్నీ చూడలేదు. ట్రంకు పెట్టె చాబీని ఎడమ చేత్తో గోడకేసి కొట్టాడు. తర్వాత కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. ఆ మనిషి ఏడవగా చూడ్డం నాకదే మొదటిసారి. పోతూ పోతూ ఏదో చెప్పాలనుకుంటున్నాడు, మాకర్థం కావడం లేదు అని నాకు భయం పట్టుకుంది. రెండు రోజులు ఇల్లంతా చాబీల గొడవే.

శుక్రవారం వంటింటి కుళాయి కారుతోందని మీ అమ్మ ప్లంబర్‌ని పిలిపించింది. చూడు, నలభై ఏళ్ళలో మన గడప తొక్కిన మొదటి ప్లంబరు అతనే. మీ తాత ఉండగా వాళ్ళతో ఏం పని? పెద్దాయనే, బెంగాలీ, నోట్లో పాన్. కుళాయి చూసి, సంచీ కింద పెట్టి, "మాశిమా, చాబిటా కొథాయ్?" అన్నాడు. చాబీ ఎక్కడుంది అని.

నాకు ఒళ్ళు మండింది. ఇతనికి కూడా చాబీయే కావాలా! గ్రిల్లు చాబీ తెచ్చి చేతిలో పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాన్ పడిపోయేంత నవ్వాడు. "తలుపు చాబీ కాదు మాశిమా! జొలేర్ చాబి, జొలేర్!" అంటూ బాత్‌రూములోకెళ్ళి గోడ మీద గుండ్రటి చక్రాన్ని తిప్పాడు. నీళ్ళు ఆగిపోయాయి. "ఎయి తో చాబి" అన్నాడు, నీళ్ళ చాబీ ఇదేగా అని.

నేను అక్కడే నిలబడిపోయాను. మన ఇళ్ళల్లో తాళంచెవి అనే మాట ఎప్పుడో పోయింది, చాబీ అనే అంటాం. నీళ్ళు ఆపే చక్రాన్ని కూడా ఈ ఊరి పనివాళ్ళు చాబీ అనే అంటారని, ఇన్నేళ్ళు ఇక్కడే బతికిన నాకు తెలియదు. తెలియడానికి నేనెప్పుడైనా దాన్ని ముట్టుకుంటే కదా. ఇంట్లో నీళ్ళ సంగతంతా ఆయనది. ఆయన నేర్చుకున్నది ఆ పనివాళ్ళ దగ్గర, వాళ్ళ మాటల్లో. మాటలన్నీ పోయినప్పుడు ఆయనకి మిగిలింది ఆ మాట.

మంచం దగ్గరకెళ్ళి, చేత్తో తిప్పుతున్నట్టు చూపించి, "మావా, సాబీ అంటే ఆ ఎర్ర సెక్రమా?" అన్నాను.

"ఊఁ..." అని ఎంత పొడుగ్గా అన్నాడో! అని, ఎడమ చేత్తో తన నుదురు తనే కొట్టుకున్నాడు.

"నాకేటి తెలుస్తాదయ్యా, నీ పైపుల బాస!" అన్నాను. ప్లంబరు వంటింట్లోంచి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

శనివారం పొద్దున్న నువ్వూ నేనూ కూర్చున్నాం. ఆదివారం వేన్ వచ్చేస్తుంది. ఈలోగా దాని నోరు మూయించగలిగితే టాంకు ఉంటుంది, లేకపోతే పోతుంది. టాంకు పోతే పోయింది గానీ, దాన్ని చూసుకోకుండా ఆయన రోజంతా ఏం చూస్తాడు, గోడనా? నేను పీట వేసుకుని చెక్క పెట్టె ముందు కూర్చున్నాను. నువ్వు ఫోన్ లైటు పట్టుకున్నావు. మీ తాత తల కింద రెండు దిండ్లు పెట్టి ఎత్తాం, గూడు కనపడేలా.

మొదట నేను తిప్పింది తప్పు వైపు. "ఒద్దు." రెండో వైపు తిప్పాను. "ఊఁ." ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి కొంచెం చూపించాడు. పావు చుట్టు తిప్పాను. వెంటనే అరచెయ్యి ఎత్తాడు. ఆగమని. ఎంతసేపు ఆగాలి? నాకు ఆగడం రాదు, నీకు తెలుసు కదా. గూట్లో నీళ్ళు చీమ నడిచినట్టు పైకి పాకుతాయి. తిప్పిన ఐదారు నిమిషాలకి గానీ ఎక్కడ ఆగుతాయో తెలియదు. నువ్వు నీ నుదుటి బొట్టుబిళ్ళ తీసి గూటి గాజు మీద, నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడ అంటించావు. ఆ బిళ్ళని చూస్తేనే నీళ్ళు కదులుతున్నాయని నాకు నమ్మకం కలిగింది.

మూడోసారికి గురగుర సన్నబడింది. నాకు ఉత్సాహం వచ్చేసింది. ఆయన అరచెయ్యి ఎత్తే ఉంది, అయినా ఇంకో అర చుట్టు తిప్పేశాను.

చప్పుడు టక్కున ఆగిపోయింది. "అయిపోనాది!" అన్నాను. నువ్వు చప్పట్లు కొట్టావు. మీ తాత మాత్రం "ఒద్దు, ఒద్దు, ఒద్దు!" అని మంచం మీద ఎగిరి పడుతున్నాడు. చూస్తే నీళ్ళు బొట్టుబిళ్ళ దాటేశాయి. రెండో గొట్టం నోటి దాకా వచ్చాయి. అందులో దిగిపోవాలి కదా, దిగడం లేదు. మూడోదాని నోరు కూడా ములిగింది. అందులోనూ దిగడం లేదు. నా చీర గుడ్డలు! అవి అక్కడున్నాయన్న సంగతే నేను మర్చిపోయాను. టాంకు అంచు మీంచి నీళ్ళు ధారగా గాజు వెంట జారి, నేల మీద పాకుతూ కరెంటు బోర్డు వైపు పోతున్నాయి.

"మోటారు పీకే!" అని నేను అరిచేలోపల నువ్వు కుర్చీ ఎక్కి స్విచ్చు ఆపేశావు. తర్వాత గూట్లో చెయ్యి పెట్టి ఆ గుడ్డలు లాగావు. జిడ్డు పట్టి, ఎలక తోకల్లా వేలాడాయి. మీ తాత వాటిని చూసి మంచం మీద వాలిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజుల్లో ఆయన ఒద్దు ఒద్దు అన్నది గంజిని కాదని. ఆ గుడ్డల్ని. ఇల్లు ములుగుతుందని మంచం మీంచి చూస్తూ, నోరు లేక, నెలన్నర భయపడుతూ పడుకున్నాడు ఆ మనిషి. నేనేమో రెండు చెంచాలు ఎక్కువ పట్టాను.

గది తుడిచి, చేతులు ఆరబెట్టుకుని మళ్ళీ కూర్చున్నాం. మోటారు వేస్తే మొదటి గొట్టం కాసేపు లోపలి గాలంతా కక్కింది. తర్వాత సర్దుకుంది. ఈసారి ఆయన చెయ్యి దించేదాకా నేను వేలు కూడా కదపలేదు. పావు చుట్టు, ఆగడం. అందులో సగం, ఆగడం. చివరికి చక్రం కదిలిందో లేదో తెలియనంత. నీళ్ళు రెండో గొట్టం నోటి దగ్గర ఆగి, దారప్పోగంత సన్నగా దాని గోడ వెంట దిగసాగాయి. మూడోది ఎండగా నిలబడింది. గురగుర పోయింది. వర్క్‌షాపు వైపు ఎక్కడో ఇంజను కూత, పక్కింట్లో కుక్కరు ఈల. గదిలో ఇంకేమీ లేదు. మీ తాత మొహంలో కదిలే సగం నవ్వింది.

"సూసినావా మావా, నేనూ ఫిట్టర్నే" అన్నాను. "ఒద్దు" అన్నాడు. నువ్వు నవ్వలేక చచ్చావు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకా రాలేదు.

ఒంటిగంటకి గంజి తెచ్చాను. అదే పల్చటి గంజి. మొదటి చెంచా పట్టాను. రెండోది పట్టాను. గురగుర వినిపించింది.

ఇద్దరం టాంకు వైపు చూశాం. "మళ్ళీ పాడయిందే!" అన్నాను. నువ్వెళ్ళి గాజుకి చెవి ఆనించావు. చాలాసేపు ఉన్నావు. తర్వాత తిరిగి, "నానమ్మా, ఇది కాదు" అన్నావు. నేను మూడో చెంచా పట్టాను, ఎందుకు పట్టానో నాకే తెలియదు, బహుశా నువ్వన్నది అబద్ధమవ్వాలని. ఆయన గొంతులో గురగురమంది. ఆగింది. ఊపిరి తీస్తే మళ్ళీ గురగుర. దగ్గలేదు, ఉక్కిరిబిక్కిరి కాలేదు, నా మొహంలోకి చూస్తూ పడుకున్నాడు. మెల్లటి చప్పుడు. వంటింట్లోకి వినపడీ వినపడనంత. రోజూ రెండు పూటలా, గిన్నె ఖాళీ అయ్యేదాకా, నా ఎదురుగా ఇదే వచ్చి ఉంటుంది. నేను టాంకు అనుకుంటూ పోస్తూనే ఉన్నాను.

గిన్నె కింద పెట్టాను. నువ్వు డాక్టరుబాబు కోసం పరిగెత్తావు.

ఆయన వచ్చి ఛాతీ మీద, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. కుడి ఊపిరితిత్తి కింద భాగంలో చప్పుడు ఉందన్నాడు. ఏం పెడుతున్నారు అని అడిగితే గిన్నె చూపించాను. చెంచాతో ఎత్తి, నీళ్ళలా కారడం చూసి, పల్చటిదే ప్రమాదం మాశిమా, గొంతు మూసుకునేలోపలే ఊపిరి దారిలోకి జారిపోతుంది, చిక్కగా ఉంటేనే ఆగి ఆగి మింగగలడు అన్నాడు. మెల్లగానే చెప్పాడు. తర్వాత అడిగాడు, "తిన్నాక ఈ చప్పుడు ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?"

ఇవాళే అనబోయాను. నోటిదాకా వచ్చింది. నువ్వు పక్కనే ఉన్నావు, నువ్వూ ఏమీ అనేదానివి కాదు. మంచం మీంచి ఆయన చూస్తున్నాడు. "తెల్దు డాక్టరుబాబూ" అన్నాను. "ఇంటికొచ్చినప్పటినుంచే అయ్యుంటాది. నాను టాంకు అనుకున్నాను." ఆయన చీటీ మీద ఏదో రాసుకుని, ప్రస్తుతానికి ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, నోటితో ఏమీ పెట్టకండి అన్నాడు.

సాయంత్రం మీ నాన్న రాగానే చెప్పేశాను. చెప్పులు కూడా విప్పనివ్వలేదు. "టాంకుది తప్పు కాదురా. ఆ రోజు పెదాలు నల్లబడ్డాయి సూడు, ఆ రోజూ నా గంజే. నానే పోసినాను."

వాడు గుమ్మంలోనే నిలబడి, "కావాలని సేసినావేటమ్మా" అన్నాడు.

"కావాలని సెయ్యలేదు. అయినా సేసింది నానే కదరా."

వాడు చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. తర్వాత ఫోన్ తీసి గార్డెన్ రీచ్ దోస్తుకి రావద్దని చెప్పాడు. ఎందుకని అతను అడిగినట్టున్నాడు. "ఏటీ లేదు, ఇప్పుడు సప్పుడు సెయ్యట్లేదు" అన్నాడు మీ నాన్న.

ముక్కు గొట్టంతో ఏడు వారాలు. మధ్యలో రెండుసార్లు జ్వరం. బక్కచిక్కిపోయాడు. ఆ గొట్టంలో పాలు పోసే పని నేను చేశాను గానీ, పోసినంతసేపూ మీ అమ్మని పక్కన నిలబెట్టుకున్నాను. వంట చేస్తూ నాలుగుసార్లు, ఐదుసార్లు వచ్చి వినేదాన్ని. ఇప్పుడు గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆయన ఊపిరి గుమ్మం దాకా వినిపిస్తుంది. రెండుసార్లు గళ్ళ అడ్డుపడితే సమయానికి వెళ్ళి తిప్పాను. అది మంచిదే. కానీ ఊపిరి బాగున్నప్పుడు కూడా వింటూనే ఉంటాను. వినకుండా ఉండలేను. పక్కింటావిడ వచ్చి ఏదో చెబుతుంటే సగంలో లేచి వెళ్ళిపోతాను.

పోయిన బుధవారం డాక్టరుబాబు గొట్టం తీసేశాడు. చిక్కటి సగ్గుబియ్యం జావ చేసి, కూర్చోబెట్టి, గడ్డం కిందకి వంచి, చిన్న చెంచాతో పెట్టి చూడండి, చప్పుడు వస్తే ఆపేయండి అన్నాడు. జావ నేనే చేశాను. గిన్నె వంచితే కదలనంత చిక్కగా చేశాను. ఫ్యాను ఆపించాను. టీవీ ఆపించాను. మీ నాన్నని మాట్లాడొద్దన్నాను. మీ తాత నోరు తెరిచాడు. ఎన్ని రోజుల తర్వాతో ఆ నోట్లో రుచి! చెంచా ఎత్తాను. సగం ఆయన గడ్డం మీద పడింది. రెండోసారి ఎత్తాను, ఆయన పెదాల దాకా తీసుకెళ్ళాను, అక్కడ ఆగిపోయింది. నావల్ల కాలేదు.

"పెట్టత్తా, ఏటీ కాదు" అంది మీ అమ్మ.

"నువ్వు పెట్టవే" అని చెంచా దాని చేతికిచ్చాను. మంచానికి ఆ పక్కకి తిరిగి వెళ్ళి, వంగి, ఆయన గొంతు దగ్గర నా చెవి పెట్టాను. గొంతు ఒకసారి పైకి కదిలి కిందకి దిగింది. ఏమీ వినిపించలేదు. ఇంకా కాసేపు అలాగే వంగి ఉన్నాను. ఏమీ వినిపించలేదు. "ఇంకోటి పెట్టు" అన్నాను.